గీత మీదికి జరిపిన డప్పు



క్రిస్మస్ కోసం మన సంఘం రికార్డు చేసిన పాట మీలో చాలామంది ఫోన్లలో విన్నారు. "సినిమా పాటలా ఉందయ్యగారూ" అని మెచ్చుకున్నారు. ఆ మాటకు మేము కూడా సంతోషించాము. కానీ ఆ పాటలో డప్పు వాయించిన మన పెద్దాయన విన్నాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బాగుందయ్యగారూ. ఇందులో డప్పు ఎవరు కొట్టారు?" అన్నారు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగారు. ఆ ప్రశ్న మమ్మల్ని మూడు వారాలు నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ వారం దాని గురించి రాస్తున్నాము.

జరిగింది ఇది. పట్నంలో స్టూడియోకి వెళ్ళాము. ఏసీ గదిలో తోలు చల్లబడి డప్పు దిగిపోయింది. ఆయన బయటికి వెళ్ళి పాత పేపర్లు మంట వేసి కాచుకొని వచ్చారు. హెడ్‌ఫోన్ పెట్టి, అందులో వినబడే క్లిక్‌తో పాటు వాయించమన్నారు. ఆయన ఒక చెవి మీది నుంచి దాన్ని పక్కకు జరుపుకున్నారు. "ఈ టిక్కు టిక్కులో నాకు పాట వినపడట్లేదయ్యా" అన్నారు. వాయించడం అయ్యాక ఆఖరి బస్సు పోతుందని వెళ్ళిపోయారు. మేము ఉండిపోయాము.

అప్పుడు స్టూడియో తమ్ముడు కంప్యూటర్‌లో ఆ డప్పును చూపించాడు. ఒక్కొక్క దెబ్బ ఒక్కొక్క ముల్లులా పైకి లేచి కనబడుతుంది. వెనక సమానమైన నిలువు గీతలు ఉంటాయి. మన పాట వేగం నిమిషానికి 100 బీట్లు. అంటే ఒక బీటుకు 600 మిల్లీసెకన్లు, అందులో పావు వంతు 150. పెద్దాయన దెబ్బల్లో కొన్ని గీతకు 15, 20 మిల్లీసెకన్లు ముందో వెనకో పడ్డాయి. సాఫ్ట్‌వేర్ ప్రతి దెబ్బ మొదలునూ తానే గుర్తుపట్టి, అక్కడ ముక్క కోసి, దగ్గరి గీత మీదికి జరిపి, అతుకు వినబడకుండా కలిపేస్తుంది. దీన్నే క్వాంటైజ్ చేయడం అంటారు. "మొత్తం గీత మీదికి లాగేద్దామా పాస్టర్ గారూ?" అని అడిగాడు. "లాగేయ్ బాబూ" అన్నాము. పది నిమిషాల పని. ఆయన ఏళ్ళ తరబడి నేర్చుకున్న చేతివాటం మా ఒక్క మాటతో పోయింది.

సాఫ్ట్‌వేర్ పాపమని మేము అనడం లేదు. దేవుని ఎదుట నేర్పుగా వాయించమని 33వ కీర్తన చెబుతోంది. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయంలో గానము నేర్చినవారిని లెక్కపెడితే 288 మంది. తాళం తప్పి వాయించి, "మనసు మంచిదైతే చాలు" అనడం భక్తి కాదు, బద్ధకం. మన పాటలో కూడా రెండో చరణంలో డప్పు ఒకచోట తడబడింది. అది దిద్దవలసిందే.

కానీ తడబాటు వేరు, నడక వేరు. రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది? తప్పు ఒకసారి పడినట్టు ఇంకోసారి పడదు. నడక ప్రతిసారీ ఒకేలా పడుతుంది. పెద్దాయన చిటికెన పుల్ల దెబ్బ పల్లవి అందుకునే చోట ప్రతిసారీ వెంట్రుకవాసి ముందే పడుతుంది. పాడేవాళ్ళను "రండి" అని పిలిచినట్టు ఉంటుంది. కంప్యూటర్‌కు అదీ తప్పే, ఇదీ తప్పే. గీత మీద లేనిదల్లా దానికి ఒకటే.

ఆ యంత్రాలు చేసినవారికి కూడా ఈ సంగతి తెలుసు. 1980లో రోజర్ లిన్ అనే ఆయన ఎల్ఎం-1 అనే డ్రమ్ మెషిన్ తెచ్చారు. తాళాన్ని తనంతట తాను సరిచేసే ఏర్పాటు అందులో ఉంది. దానితోపాటే కొన్ని దెబ్బలను కావాలని కొంచెం ఆలస్యంగా పడేసే స్వింగ్ అనే ఏర్పాటూ పెట్టారు. అన్నీ గీత మీదే పడితే పాట కదలదని ఆయన ఎరుగుదురు.

ఇంకో లెక్క చూడండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. మన మందిరంలో డప్పు దగ్గర నుంచి ఆఖరి చాప వరకు దాదాపు 40 అడుగులు. డప్పు దెబ్బ అక్కడికి చేరేసరికి 35 మిల్లీసెకన్లు అవుతుంది. మేము స్టూడియోలో చెరిపేసిన తేడా కన్నా అది ఎక్కువ. ఆ తేడాతోనే ప్రతి ఆదివారం వెనక కూర్చున్న అమ్మలు చప్పట్లు కొడుతున్నారు. ఆ ఆరాధనను ప్రభువు వింటూనే ఉన్నాడు కదా!

అయితే మా అసలు తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. సహోదరునిలో తప్పు కనబడితే అతనొక్కడే ఉన్నప్పుడు వెళ్ళి చెప్పమని మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు నేర్పించాడు. సాత్వికమైన మనసుతో సరిదిద్దమని గలతీ పత్రిక 6వ అధ్యాయంలో పౌలు రాశాడు. ఈ వాక్యాల మీద మేము మీకు ఎన్నోసార్లు ప్రసంగించాము. కానీ ఆయన బస్సెక్కి వెళ్ళాక, ఆయనకు చెప్పకుండా, ఆయన పని మొత్తం దిద్దించి, ఆయన చేసినదేనని మీకు వినిపించాము.

ఆయన ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాము. "అంత మాటెందుకయ్యగారూ" అన్నారు గానీ కళ్ళు తుడుచుకున్నారు. స్టూడియోలో పాత రికార్డింగ్ అలాగే ఉంది. పోయిన శుక్రవారం ఆయన్ని తీసుకెళ్ళి కంప్యూటర్ పక్కనే కూర్చోబెట్టాము. మేము ఒక్కచోట తప్పు అనుకుంటే, ఆయన మూడుచోట్ల ఆపించారు. "ఇక్కడ నేను తప్పాను, ఇది తియ్యి బాబూ" అన్నారు. ఆ మూడు ముక్కలూ మళ్ళీ డప్పు కాచుకొని ఆయనే వాయించారు. మిగతాది ఎవరూ ముట్టుకోలేదు.

పాటలు రికార్డు చేసే మన యవ్వనస్థులకు మా మనవి. మొత్తం పాటను ఒక్క మీటతో సరిచేయకండి. ముందు చెవితో వినండి, తప్పిన చోటునే దిద్దండి. కుదిరితే ఆ ముక్క మళ్ళీ వాయించనివ్వండి. తప్పక జరపాలంటే నూటికి నూరు శాతం లాగకండి. సగం పెడితే దెబ్బ గీత వైపు సగం దూరమే జరుగుతుంది. అన్నిటికన్నా ముందు, వాయించినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి.

మనం ఇళ్ళలో పిల్లల్ని, కోడళ్ళను దిద్దేటప్పుడు కూడా వారిలో తప్పును దిద్దుతున్నామా, వారి నడకను చెరిపి మన గీత మీదికి లాగుతున్నామా? ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఒకసారి ఆలోచించండి.

కొత్త రికార్డింగ్ వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత వినిపిస్తాము. అందులో డప్పు ఎవరు కొట్టారో ఆయన ఇక అడగనవసరం లేదు.

ప్రభువు మిమ్మును దీవించి కాపాడును గాక. ఆమేన్.