గంటకు చోటు



మన పిడుగురాళ్ల ప్రాంతములో కొత్త ఇల్లు కట్టినా, పాత ద్వారబంధాలు మార్చినా టేకు, వేప చెక్క ముక్కలు మిగులుతాయి. చాలాచోట్ల అవి పొయ్యిలోకి పోతాయి. కాని జానెడు ముక్క ఉంటే బల్లమీద పెట్టుకొనే గడియారము చేయవచ్చు. పెండ్లి కానుకగా ఇవ్వవచ్చు. పని తగ్గిన వడ్రంగి సోదరునికి ఒక పూట కూలీ కూడా అవుతుంది.

ముఖము, ముళ్లు, అద్దము, యంత్రము కలిసి ఒకే బిళ్లగా ఉన్న గడియారములు దొరుకుతాయి. చెక్కలో గుండ్రని గుంట తొలిచి, బిళ్లను అందులో నొక్కాలి. లోపలనున్న క్వార్ట్జ్ స్ఫటికము సెకనుకు 32,768 సార్లు కంపిస్తూ కాలమును కొలుస్తుంది. ఆ పని మనది కాదు. దానికి చోటు సిద్ధము చేయుటే మన పని.

మొదట గడియారము కొనండి, తరువాతనే గుంట తొలవండి. ముఖము వెడల్పును కాదు, వెనుకనున్న డబ్బా వెడల్పును కొలవాలి. ముఖము 70 మిల్లీమీటర్లుంటే గుంట సుమారు 60 ఉండే రకము ఒకటి ఉన్నది. అయినా ప్రతి బిళ్లను విడిగా కొలవండి. ముందు పనికిరాని ముక్కలో తొలిచి చూడండి. ఇరుకైన గుంటను గరుకు కాగితముతో వెడల్పు చేయవచ్చు. వదులైనదానిని బిగించుట కష్టము.

పచ్చి చెక్క వద్దు. అది మన ఎండలకు ఆరేటప్పుడు నారకు అడ్డముగా కుంచించుకొంటుంది. గుండ్రని గుంట కోలగా మారి బిళ్లను పట్టివేస్తుంది. ఒక్కోసారి చెక్కే పగులుతుంది.

బంక పూయవద్దు. సెల్ మార్చుటకు బిళ్ల బయటకు రావాలి. చుట్టూ ఉన్న రబ్బరు పట్టీయే దానిని నిలుపుతుంది. వేడిని, తేమను చూపే బిళ్లలను కూడా ఇట్లే అమర్చవచ్చు. అయితే వాటి వెనుక గాలి ఆడుటకు రంధ్రము విడవాలి. లేకుంటే అవి గది సంగతి చెప్పక గుంట సంగతే చెబుతాయి.

నజరేతువారు మన ప్రభువును వడ్లవాడని పిలిచినట్లు మార్కు 6:3లో చదువుతాము. కొలిచి చేసే పని ఆయనకు తెలుసు. దినములను లెక్కించుట నేర్పమని 90వ కీర్తనలో మోషే దేవుని వేడుకొన్నాడు.

మిరప కోతల దినములలో తల్లి తెల్లవారకముందే ఆటో ఎక్కుతుంది. తండ్రి చీకటిపడ్డాక కల్లము నుండి వస్తాడు. అప్పటికి పిల్లలు నిద్రపోతారు. ఇక కుటుంబ ప్రార్థనకు వేళ ఏది? టైము చూడబోయి సెల్‌ఫోను తెరిస్తే అరగంట దానిలోనే పోతుంది. గడియారమైతే టైము చెప్పి ఊరుకుంటుంది.

24 గంటలు దేవుడిచ్చినవి. వాటిలో ప్రార్థనకు చోటు తొలవవలసినది మనము. మిగిలినచోట ఇముడుతుందిలే అనుకొంటే ఇమడదు. ఉదయము 4.30 అయినా, రాత్రి 9 గంటలైనా, ఇంటిల్లిపాది కలిసే వేళ ఏదో ముందుగా కొలుచుకొనండి. మొదట పది నిమిషములైనా చాలు. ఇరుకైనదానిని తరువాత వెడల్పు చేయవచ్చును గదా!

ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.