పెరటి కాయకు నాలుకే పరీక్ష

ఇంటి పెరటిలో పండిన కూరగాయకు సాటివచ్చేది అంగడిలో దొరకడం అరుదు. మిరప, ప్రత్తి విస్తారంగా పండే మన పల్నాటిలో పురుగుమందుల పిచికారీని కళ్ళారా చూస్తున్నవారు ఇంటి పంటపై మక్కువ పెంచుకోవడం సహజమే. నరసరావుపేట, మాచర్ల, గురజాల పట్టణాలలో పెరడు లేని గృహస్థులు సైతం డాబాలమీద కుండీలలో సొర, బీర, దోస పాదులు పెంచుతున్నారు. ఇటీవల వాటి సరసన జుకినీ అనే విదేశీ కాయ కూడా చేరింది. ఇది మన శరీరతత్త్వానికి సరిపడుతుందా అని నన్ను అడిగేవారున్నారు. నిరభ్యంతరంగా పెంచుకోండి, కాని వండే ముందు ప్రతి కాయనూ నాలుకతో పరీక్షించండి అన్నది నా సమాధానం. ఈ రెండవ మాటను వివరించడానికే ఈ వ్యాసం.

జుకినీ పెంపకం

జుకినీ గుమ్మడి జాతికి చెందినది. ఆ జాతి పుట్టినిల్లు అమెరికా ఖండం. నేటి జుకినీ రూపుదిద్దుకొన్నది ఇటలీలో. కనుక మన ప్రాచీన వైద్యగ్రంథాలలో దీని ప్రస్తావన ఉండే అవకాశం లేదు. లేని గుణాలను శాస్త్రం పేరిట దీనికి అంటగట్టడం నాకు సమ్మతం కాదు. నీరు ఎక్కువగా గల లేత కాయ, త్వరగా ఉడుకుతుంది. సొర, బీరలవలె పప్పులోనూ కూరలోనూ వాడుకోవచ్చునని చెప్పడం చాలు.

ఈ మొక్క తీగ పారక పొదవలె పెరుగుతుంది గనుక పందిరి అవసరం లేదు. మన ప్రాంతపు వేసవిని తట్టుకోలేదు. అక్టోబరు, నవంబరు మాసాలలో విత్తితే చలికాలపు ఎండలో చక్కగా కాస్తుంది. పెద్ద కుండీకి ఒక్క మొక్క చాలు. బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన మన్ను వాడి, ఆకులు తడవకుండా మొదట్లో నీరు పోయాలి. ఆకులపై తడి నిలవకుండా, మొక్కకు గాలి ఆడేలా చూసుకోవాలి. మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. పూవు క్రింద చిన్న పిందె ఉన్నది ఆడపూవు. తేనెటీగలు రాని డాబాలమీద తెల్లవారుజామున విచ్చిన మగపూవును కోసి, దాని పుప్పొడిని ఆడపూవుకు తాకించాలి. జానెడు పొడవు రాకముందే కాయను కోయడం మంచిది.

చేదు ఎక్కడిది?

సొర, బీర, దోస, గుమ్మడి మొదలైనవన్నీ ఒకే కుటుంబం. ఆ కుటుంబపు అడవి మొక్కలలో కుకుర్బిటసిన్లు అనే తీవ్రమైన చేదు పదార్థాలు ఉంటాయి. తమను తినవచ్చే జీవుల నుండి మొక్కలు కల్పించుకొన్న రక్షణ అది. తరతరాల రైతులు చేదు లేని కాయల విత్తనాలనే ఎంచి నాటుతూ వచ్చినందువల్ల నేడు మనం తియ్యని సొరను తినగలుగుతున్నాము. అయినా ఆ పాత స్వభావం పూర్తిగా నశించలేదు, అప్పుడప్పుడు తలయెత్తుతుంది.

అందుకు ముఖ్యకారణం సంకరం. తినే సొర పాదుకు సమీపంలో చేదుసొర పాకినా, జుకినీ దగ్గర అలంకారం కోసం పెంచే రంగురంగుల చిన్న గుమ్మడులు ఉన్నా పుప్పొడి కలుస్తుంది. ఆ ఏడాది కాయ రుచి మారదు. దోషం విత్తనంలో దాగి ఉండి మరుసటి పంటలో బయటపడుతుంది. కనుక పెరటి జుకినీ నుండి విత్తనం తీసి దాచుకోవడం క్షేమం కాదు. పెంటకుప్పపై తానై మొలిచిన పాదు కాయను కూడా అనుమానంతోనే చూడాలి. కాకర ప్రక్కన నాటితే దోస చేదెక్కుతుందని కొందరనుకుంటారు. అది నిజం కాదు. ఆ రెండు జాతులకు సంకరం కలుగదు. మండుటెండ, నీటి ఎద్దడి మాత్రం దోస, సొరల చేదును పెంచగలవు. మన పల్నాటి వేసవిలో ఆ రెంటికీ కొదువ లేదు.

శాస్త్రం ఏమి చెప్పినది?

చేదు దేహానికి మంచిదన్న సామాన్య నమ్మకం ఇక్కడ ప్రమాదకరమైనది. చరక సంహిత కల్పస్థానంలోని మొదటి ఆరు అధ్యాయాలు వమన ద్రవ్యాలను, అనగా వాంతి చేయించే ఔషధాలను వివరిస్తాయి. ఆ ఆరింటిలో నాలుగు సొర, బీర కుటుంబానివే. మూడవ అధ్యాయం పేరే ఇక్ష్వాకు కల్పం, ఇక్ష్వాకువంటే చేదుసొర. మన పూర్వులు దానిని భోజనంలో చేర్చలేదు. రోగి బలం, ఋతువు, మోతాదు చూసి వైద్యుని ఎదుట ఇవ్వవలసిన తీక్ష్ణౌషధంగా ఎంచారు. గురుకులంలో మేము మూలికను చేతబట్టి, వాసన చూసి, నాలుకకు తాకించి గుర్తుపట్టడం నేర్చుకొన్నాము. రసజ్ఞానం లేనివానికి ద్రవ్యజ్ఞానం లేదన్నది ఆ చదువుకు పునాది. కాకరకు చేదు సహజగుణం. సొర, బీర, దోస, జుకినీలకు చేదు హెచ్చరిక.

ఈ భేదం మరచిన ఫలితాన్ని దేశం చూసింది. 2010లో ఢిల్లీలో ఒక విద్యావంతుడు ఆరోగ్యం కోసం సొరకాయ, కాకరకాయ కలిపిన రసం త్రాగి మరణించాడు. అటుపిమ్మట భారత వైద్య పరిశోధనా మండలి నిపుణుల బృందం విచారణ జరిపింది. ఆ నివేదిక 2012 జనవరిలో మండలి పత్రికలో వెలువడింది. చేదుగా ఉన్న సొరరసం త్రాగరాదు, ఇతర రసాలతో కలపరాదు, త్రాగిన పిదప వాంతులు, కడుపునొప్పి కలిగితే తక్షణం ఆసుపత్రికి చేరాలి అన్నది దాని సారాంశం. ఈ విషానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఐరోపాలోనూ చేదు గుమ్మడి, జుకినీల గురించి హెచ్చరికలున్నాయి. అటువంటి కాయలు తిని వాంతులైన ఇద్దరు స్త్రీలకు కొన్ని వారాల తరువాత జుట్టు రాలిపోయినట్లు ఫ్రాన్స్‌లోని ఒక వైద్యుడు 2018లో వెల్లడించారు.

ప్రకృతి సహజమైనది గనుక హాని చేయదు, ఆయుర్వేదం గనుక ఎంతైనా త్రాగవచ్చు అని ప్రచారం చేసేవారు మా శాస్త్రానికి అపకారం చేస్తున్నారని నా నిశ్చితాభిప్రాయం. సొరకాయకు మన వంటింట్లో గౌరవప్రదమైన స్థానముంది. పరగడుపున పచ్చిరసం గటగటా త్రాగడం ఆరోగ్యానికి అవసరమైన ఆచారమేమీ కాదు.

గృహిణులకు సూచనలు

తెలుగింట దోసకాయ తరుగుతూ చిన్న ముక్క నోట వేసుకొని చేదు చూడటం తరతరాల అలవాటు. దానినే సొరకు, బీరకు, జుకినీకి వర్తింపజేయండి. తొడిమ వైపు నుండి పలుచని ముక్క కోసి, నాలుకకు తాకించి ఉమ్మివేయండి. చేదు తగిలితే ఆ కాయను పూర్తిగా పారవేయండి. తక్కిన భాగం బాగుండవచ్చునని దాచకండి. ఉడికించినందువల్ల ఆ విషం పోదు. బెల్లమో చింతపండో చేర్చితే చేదు మరుగుపడుతుందే గాని దోషం మిగిలే ఉంటుంది. ఒక కాయ చేదైతే అదే మొక్క కాయలన్నింటినీ అనుమానించాలి.

వృద్ధులకు రుచి తెలిసే శక్తి తగ్గుతుంది గనుక వారు ఒక్కరే వండుకొనే ఇళ్ళలో మరొకరి చేత రుచి చూపించడం మేలు. పిల్లవాడు కూర చేదుగా ఉందని పళ్ళెం నెట్టివేస్తే మారాం చేస్తున్నాడని గద్దించకండి. ముందు మీరు రుచి చూడండి. అతిథులుగా వెళ్ళినచోట మొహమాటానికి మ్రింగకండి. తిన్న తరువాత వాంతులు, విరేచనాలు మొదలైతే కషాయాల కోసం నా వంటి వైద్యుల ఇంటికి రావద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

పెరటి తోట పెంచే ప్రతి ఇల్లాలికీ నా అభినందనలు. విత్తనాన్ని నమ్మకమైన చోట కొనండి, నీటికి ఎద్దడి రానీయకండి, కాయను లేతగా కోయండి. కత్తిపీట ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ మొదటి ముక్క నాలుకకే చెందాలి.