ర్యామ్‌కి మూడింతలు పెట్టే రోజుల్లో స్పీడ్ మోజు దేనికి?

కొత్త డెస్క్‌టాప్ బిల్డ్ లిస్ట్ రాసుకునేటప్పుడు ప్రాసెసర్ మీద వారం, గ్రాఫిక్స్ కార్డ్ మీద రెండు వారాలు బుర్ర బద్దలు కొట్టుకుంటాం. ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒక 6000 కిట్ వేసేయ్ బ్రో" అనుకుని ముందుకెళ్లిపోతాం. 2025 సగం దాకా అట్టా చెల్లిపోయింది. అప్పట్లో 32 జీబీ డీడీఆర్5 కిట్ పది వేలకి అటూ ఇటూగా దొరికేది. లైట్లున్న కిట్‌కి ఇంకో వెయ్యి ఎక్కువైనా ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది చివరికొచ్చేసరికి అదే కిట్ ధర రెండింతలు దాటి మూడింతల వైపు పరిగెత్తింది.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇప్పుడు ర్యామ్ కొనేవాళ్లు స్పీడ్ నంబర్‌ని లిస్టులో ఆఖరికి నెట్టేయాలి. ముందు ఎన్ని జీబీలు, తర్వాత ఎన్ని స్టిక్కులు, ఆ తర్వాత వారంటీ. స్పీడ్ గురించి ఆలోచించేది డబ్బులు మిగిలితేనే.

ధర ఎందుకు పెరిగింది?

షాపువాడి అత్యాశ అనుకుంటే పొరపాటే. ప్రపంచంలో డీర్యామ్ చిప్పుల్లో చాలా భాగం తయారుచేసేది మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్లకి కావాల్సిన హెచ్‌బీఎం మెమరీ కూడా వీళ్లే చేస్తారు. అన్నే గిగాబైట్ల హెచ్‌బీఎం చేయాలంటే డీడీఆర్5తో పోలిస్తే దాదాపు మూడింతల సిలికాన్ పడుతుందని మైక్రానే చెప్పింది. అంటే ఏఐ వైపు వెళ్లిన ప్రతి వేఫర్ మన డెస్క్‌టాప్ వాటాలోంచి తగ్గినట్టే.

2025 డిసెంబర్ 3న మైక్రాన్ ఏకంగా తన క్రూషియల్ బ్రాండ్‌ని వినియోగదారుల మార్కెట్ నుంచి తప్పిస్తున్నట్టు ప్రకటించింది. తక్కువ ధరలో, లైట్లూ హంగులూ లేకుండా, పెట్టగానే పనిచేసే ర్యామ్ అంటే చాలామందికి గుర్తొచ్చే పేరు అదే. డీడీఆర్4 కొనుక్కుందాంలే అనుకుంటే, తయారీ తగ్గించేయడంతో దాని ధర కూడా పెరిగింది. ఇది పండగ సేల్ వస్తే సర్దుకునే వ్యవహారం కాదు.

స్పీడ్ నంబర్ వెనక లెక్క

బాక్స్ మీద 6000 అని ఉంటే సెకనుకి 6000 మిలియన్ ట్రాన్స్‌ఫర్లు. పక్కనే సీఎల్30, సీఎల్36 అని ఇంకో నంబర్ ఉంటుంది. డేటా అడిగాక మొదటి ముక్క రావడానికి ఎన్ని క్లాక్ సైకిళ్లు పడతాయో అది చెప్తుంది. సీఎల్ నంబర్‌ని 2000తో గుణించి, స్పీడ్‌తో భాగిస్తే అసలు ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. మీరే వేసి చూడండి. డీడీఆర్4-3200 సీఎల్16కి 10 నానోసెకన్లు. డీడీఆర్5-6000 సీఎల్30కి కూడా 10. డీడీఆర్5-6000 సీఎల్36కి 12. మామూలు డీడీఆర్5-5600 సీఎల్46కి 16 చిల్లర.

పేపర్ మీద ఈ తేడా పెద్దదే, కాదనను. గేమ్‌ని 1080పీలో తక్కువ సెట్టింగ్స్‌లో, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డ్‌తో ఆడితే తెలుస్తుంది కూడా. కానీ మనలో ఎక్కువమంది కొనేది మధ్యరకం కార్డు. అక్కడ ముందు ఆయాసపడేది కార్డే, ర్యామ్ కాదు. 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీ లాంటి ప్రాసెసర్లలో 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంటుంది కాబట్టి వాటికి ర్యామ్ స్పీడ్ మీద ఆధారపడే అవసరం ఇంకా తక్కువ.

అదే ర్యామ్ చాలకపోతే మాత్రం తేడా నానోసెకన్లలో ఉండదు. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, పాతిక క్రోమ్ ట్యాబ్‌లు, పక్కన డాకర్ కంటైనర్ ఒకటి తెరిచి చూడండి. 16 జీబీ నిండిపోయిందంటే విండోస్ మిగతాది ఎస్ఎస్‌డీ మీదకి తోస్తుంది. ఎస్ఎస్‌డీ ఎంత మంచిదైనా దాని ఆలస్యం మైక్రోసెకన్లలో ఉంటుంది, అంటే ర్యామ్‌కి వందల రెట్లు. సీఎల్30 కిట్ పెట్టినా అప్పుడు ఒరిగేదేమీ లేదు. అందుకే 16 జీబీ సీఎల్30కీ, 32 జీబీ సీఎల్40కీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను కళ్లు మూసుకుని రెండోదే తీసుకుంటా. 64 జీబీ మాత్రం వీడియో ఎడిటింగ్, వర్చువల్ మెషీన్లు, ఇంట్లోనే పెద్ద ఏఐ మోడల్స్ నడిపే పని ఉంటేనే. "భవిష్యత్తుకి పనికొస్తుంది" అని ఈ ధరలో కొనడం దండగ.

రెండా? ఒకటా?

రెండు స్టిక్కుల కిట్ కొంటే డ్యుయల్ చానల్ వస్తుంది, బ్యాండ్‌విడ్త్ రెట్టింపు అవుతుంది. బడ్జెట్ ఉన్నవాళ్లకి 16 జీబీవి రెండు, ఒకే కిట్‌లో, ఇదే సరైన దారి. నాలుగు స్లాట్లున్నాయి కదా అని నాలుగూ నింపకండి. ఏఎం5 ప్లాట్‌ఫామ్‌లో నాలుగు డీడీఆర్5 స్టిక్కులు పెడితే ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే స్పీడ్ 3600కి పడిపోతుంది.

మరి బడ్జెట్ 16 జీబీ దగ్గరే ఆగిపోతే? ఇక్కడ చాలామంది నాతో ఒప్పుకోరు. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ పెట్టుకునేవాళ్లయితే 8 జీబీవి రెండు కాకుండా, 16 జీబీది ఒక్కటే కొనండి. డీడీఆర్5లో 8 జీబీ స్టిక్కుల మీద సాధారణంగా చిప్పులు నాలుగే ఉంటాయి, వాటి లోపల బ్యాంక్ గ్రూపులు కూడా సగమే. పైగా రేపు 32కి పెంచాలంటే ఆ రెండూ పీకి అమ్ముకోవాల్సిందే. 16 జీబీది ఒకటుంటే, ధర దిగినప్పుడు అదే మోడల్ ఇంకోటి కలుపుకోవచ్చు. రెండూ జత కుదరక ఫుల్ స్పీడ్‌లో నడవకపోతే 5600కో 4800కో తగ్గించుకోండి, కొంపేమీ మునగదు.

ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్‌తోనే గేమ్స్ ఆడే 8600జీ లాంటి బిల్డ్‌కి మాత్రం ఈ సలహా వర్తించదు. అక్కడ గ్రాఫిక్స్‌కి కూడా ర్యామే ఆధారం. ఒక్క స్టిక్ పెడితే ఫ్రేమ్‌రేట్ దారుణంగా పడుతుంది, కాబట్టి రెండు ఉండాల్సిందే.

ఇంట్లో మంచి డీడీఆర్4 స్టిక్కులున్నాయా? వాటిని పారేయకండి. ఇంటెల్ 12, 13, 14 తరాలకి డీడీఆర్4 బోర్డులున్నాయి, ఏఎం4 ఎలాగూ ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే ఏఎం5 తీసుకోండి. 2027 దాకా, ఆ తర్వాత కూడా ఆ సాకెట్‌కి మద్దతు ఉంటుందని ఏఎండీ చెప్పింది. డీడీఆర్4, డీడీఆర్5 స్టిక్కుల గాడి ఒకే చోట ఉండదు, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దూరదు. ఆర్డర్ పెట్టేముందు బోర్డ్ మోడల్ ఇంకోసారి చదవండి.

బెంచ్‌మార్క్‌లో కనిపించని విషయం

యూట్యూబ్ రివ్యూలు ఏసీ గదుల్లో తీస్తారు. నేనుండేది మైపాడులో. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా వచ్చే రోడ్డు ఇక్కడ సముద్రం దగ్గర ఆగిపోతుంది. ఈ గాలికి గేటు తుప్పు పడుతుంది, బైక్ చైన్ తుప్పు పడుతుంది. మరి ర్యామ్?

ర్యామ్ అంచున మెరిసే పిన్నుల మీద ఉండేది బంగారం పూత. మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. బంగారం తుప్పు పట్టదు కానీ, ఆ పూతలో ఉండే సన్నటి రంధ్రాల్లోంచి ఉప్పు తేమ దిగి కింద ఉన్న నికెల్‌ని, రాగిని తినేస్తుంది. డిస్‌ప్లే రాకపోతే స్టిక్ పీకి పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన రిపేర్ షాపుల్లో పాత అలవాటు. రుద్దిన ప్రతిసారీ ఆ పూత ఇంకాస్త అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ చాలు. సముద్రం వైపు కిటికీ కింద క్యాబినెట్ పెట్టకండి. ముందు ఫ్యాన్లకి డస్ట్ ఫిల్టర్ ఉండేలా చూసుకోండి.

నెల్లూరు ఎండల సంగతి వేరే చెప్పాలా! డీడీఆర్5 మామూలుగా 1.1 వోల్టుల మీద నడుస్తుంది. వేగంగా నడిచే ఎక్స్‌పో, ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్స్‌కి 1.35 వోల్టులు, కొన్నిటికి ఇంకా ఎక్కువ కావాలి. వోల్టేజ్ పెరిగితే వేడి పెరుగుతుంది. వేడెక్కిన మెమరీలో తప్పులొచ్చే అవకాశమూ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 5600 మీద నిలకడగా నడిచే కిట్, 7200 అని బాక్స్ మీద రాసుకుని మధ్యలో బ్లూ స్క్రీన్ చూపించే కిట్ కంటే విలువైనది.

ఇక వారంటీ. సికింద్రాబాద్‌లో ఉన్నవాళ్లు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి అడగొచ్చు. మాకు నెల్లూరు షాపులు కాకపోతే రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్. అక్కడ వంద రూపాయలు తగ్గినా, పాడైతే మళ్లీ రైలెక్కాలి. బిల్లు లేకుండా తక్కువకిస్తామంటే వద్దనండి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. కిట్‌లో ఒకటి పాడైనా చాలా కంపెనీలు రెండూ పంపమంటాయి, బాక్స్ దాచుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే విప్పేటప్పుడు వీడియో తీయండి. ధర పెరిగిన సరుకుకి నకిలీలు పుట్టడం మామూలే.

బిగించాక

రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5 బోర్డులు మెమరీ ట్రైనింగ్‌కి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. స్క్రీన్ నల్లగా ఉందని కంగారుపడి స్విచ్ కట్టేయకండి. తర్వాత బయోస్‌లో ఎక్స్‌పో గానీ ఎక్స్‌ఎంపీ గానీ ఆన్ చేయండి. చేయకపోతే 6000కి డబ్బులిచ్చి 4800 వాడుతున్నట్టే. ఆ రాత్రికి మెమ్‌టెస్ట్86 నడపండి. తెల్లారి ఒక్క ఎర్రర్ కనిపించినా ప్రొఫైల్ ఆపి మళ్లీ పరీక్షించండి. అప్పుడూ వస్తే వెనక్కి ఇచ్చేయండి, రిటర్న్ గడువు ఉన్నప్పుడే.

ధరలు ఎప్పటికైనా దిగుతాయి. ఆ రోజు సీఎల్30 కిట్, లైట్లు, అన్నీ కొనుక్కోవచ్చు. ఈ రోజుకి మాత్రం జేబులో ఉన్న ప్రతి రూపాయీ జీబీల మీద పెట్టండి. ఆరు నెలల తర్వాత మీ ర్యామ్ ఎన్ని నానోసెకన్లదో మీకే గుర్తుండదు. 16 జీబీ నిండిపోయి ప్రాజెక్ట్ డెమో మధ్యలో ఎమ్యులేటర్ ఆగిపోతే మాత్రం బాగా గుర్తుంటుంది.