గుమస్తాకు నచ్చే డేటాబేస్ ఏది?

ఇంటర్వ్యూలో ‘డేటాబేస్ వచ్చా?’ అని అడిగితే మీలో చాలామంది టక్కున ‘మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్’ అంటారు. మంచిదే. ‘మరి కంప్యూటర్ చదువు లేని మా గుమస్తాకు ఏది పెడతావ్?’ అని అడిగితే? నా దృష్టిలో ఉద్యోగానికి పనికొచ్చే ప్రశ్న ఈ రెండోదే.

విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో ఉన్న శృంగవరపుకోటనే తీసుకోండి. అక్కడ ఒక ఎరువుల దుకాణం ఉందనుకుందాం. చుట్టుపక్కల ఊళ్ల రైతులు అరువుకు బస్తాలు పట్టుకెళ్లి, పంట చేతికొచ్చాక కడతారు. లెక్కలన్నీ ఖాతా పుస్తకంలో ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మీకు అప్పగించారు.

ముందు ఎక్సెల్ తెరుస్తారు. ఒక్కరే రాసుకునే చిన్న జాబితాకు అది చాలు. ఇద్దరు ముగ్గురు రాయడం మొదలెడితేనే చిక్కు. ఒకరు ‘శృంగవరపుకోట’ అని, ఇంకొకరు ‘ఎస్.కోట’ అని కొడతారు. మనకు ఊరు ఒకటే, కంప్యూటర్‌కు రెండు. ఒకే ఊళ్లో ఇద్దరు అప్పలనాయుడులు ఉంటే ఒకరి బాకీ ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఆ రైతు కొట్టుకొచ్చి నిలదీస్తే గుమస్తా ఏం చెబుతాడు?

డేటాబేస్ పని ఇక్కడే. ఊరి పేరును జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టొచ్చు. ప్రతి రైతుకూ ఒక ఖాతా నంబరు ఇవ్వొచ్చు. ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతిలో మనకు పనికొచ్చేది ఇదే: రైతు వివరాలు ఒకచోట, బిల్లులు ఇంకోచోట, రెంటినీ కలిపేది ఆ నంబరు.

తప్పు సాధనం పెట్టుకుంటే పెద్దవాళ్లకూ తిప్పలే. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కొవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు. వాడిన పాత ఎక్సెల్ ఫైలు రకంలో 65,536 వరుసలకు మించి పట్టవు మరి!

ఇంతకీ ఏది ఎంచుకోవాలి? దుకాణంలో విండోస్ కంప్యూటర్ ఒక్కటే ఉంటే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ చూడండి. ఫారాలు తేలిగ్గా తయారవుతాయి, కానీ కొనాలి. డబ్బు పెట్టలేమంటే లిబ్రేఆఫీస్ బేస్ ఉచితం, నెట్ లేకున్నా నడుస్తుంది. నేర్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి. ఫోన్లలోంచి నలుగురూ రాయాలంటే జోహో క్రియేటర్, ఎయిర్‌టేబుల్ లాంటివి ఉన్నాయి. వీటిలో ఉచితంగా వాడుకునేదానికి పరిమితి ఉంటుంది, ఆపైన చందా కట్టాలి. ఆ ఖర్చు యజమానికి ముందే చెప్పండి.

ఏది పెట్టినా మూడు సంగతులు తేల్చుకోండి. తెలుగులో కొట్టిన పేరు వెతికితే దొరుకుతోందా? నెట్ పోతే బిల్లు ఆగిపోతుందా? రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారాలంటే డేటా మొత్తం సీఎస్‌వీ ఫైలుగా బయటకు వస్తుందా? మూడోది చాలామంది అడగరు. మీరు ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోయాక ఆ దుకాణానికి దిక్కు అదే.

ఆఖరి పరీక్ష గుమస్తాదే. పది బిల్లులు ఎక్కించమని చెప్పి, పక్కన కూర్చుని మాట్లాడకుండా చూడండి. ఎక్కడ ఆగాడో రాసుకోండి. ఆగినచోట ఫారం మార్చండి, అతన్ని తప్పుపట్టకండి.

‘ఇంత చిన్న పనికి ప్యాకేజీ వస్తుందా?’ అనొచ్చు మీరు. కోడ్ రాసేవాళ్లతో పాటు, వాడేవాళ్ల అవసరం కనుక్కుని చెప్పే బిజినెస్ అనలిస్టులు, సాఫ్ట్‌వేర్ అమర్చి నేర్పేవాళ్లు, సపోర్టు సిబ్బంది కూడా కంపెనీలకు కావాలి. వాళ్ల రోజువారీ పని ఇలాంటిదే. అందుకే ఈ సెలవుల్లో మీ ఊళ్లో ఒక కొట్టునో, పాల కేంద్రాన్నో ఎంచుకుని, యజమాని ఒప్పుకుంటే నెల రోజులు ఈ పని చేసి చూడండి. ఏ సాఫ్ట్‌వేర్ ఎందుకు పెట్టారో, ఏది ఎందుకు వద్దనుకున్నారో రెజ్యూమేలో రెండు వాక్యాల్లో రాయండి. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే చెప్పడానికి మీ దగ్గర సొంత అనుభవం ఉంటుంది.