పుండు మానదు, పొగ మానరు!

కిందటి ఆషాఢంలో మరిడమ్మ తల్లి జాతరకని పెద్దాపురం వెళ్లి పిన్ని ఇంట్లో దిగాను. పూర్ణాలు వేయిస్తూ పిన్ని ఒకటే గొణుగుడు. "మీ బాబాయి రాత్రుళ్లు నిద్రపోవడం లేదే. మంచం మీంచి కాలు కిందికి వేలాడేసుకుని కూర్చుంటారు. అలాగైతేనే నొప్పి తగ్గుతుందిట."

చూద్దును కదా, బొటనవేలి పక్కన గోలీకాయంత పుండు. మూడు నెలలైందిట. పసుపూ కొబ్బరినూనే అయింది, వేపాకు నీళ్లూ అయ్యాయి. స్పర్శ తెలియని కాలికి వేణ్ణీళ్ల కాపడం పెడితే బొబ్బలెక్కింది కూడాను. బాబాయికి షుగరు లేదు, వయసు నిండా నలభయ్యారు లేవు. ఉన్నదల్లా లంక పొగాకు చుట్ట!

అంతలో మావయ్య ఓ కబురు మోసుకొచ్చాడు. ఎక్కడో మూలకణాలు ఎక్కిస్తారుట, కాలు కొత్తదైపోతుందిట, లక్షల్లో ఖర్చుట. పిన్నికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం అమ్మేద్దామన్నాడు. "ఏమంటావే?" అంది పిన్ని. ఏమనను? ముందు కాకినాడలో రక్తనాళాల డాక్టరుకి చూపిద్దామన్నాను.

ఆ డాక్టరుగారు చేతికి కట్టే బి.పి. పట్టీనే చీలమండకీ కట్టారు. రెండుచోట్లా ఒత్తిడి దాదాపు సమానంగా ఉండాలిట. చీలమండ దగ్గర చేతిలో పదింట తొమ్మిదో వంతు కూడా లేకపోతే కాలికి రక్తం సరిగా దిగడం లేదని అనుమానించాలిట. బాబాయికి సగం కూడా లేదు! "రక్తం దిగని పుండుకి మీరు బంగారం నూరి రాసినా మానదమ్మా" అన్నారాయన.

జబ్బు పేరు బర్జర్. 1908లో న్యూయార్క్‌లో లియో బర్గర్ అనే డాక్టరు, తీసేసిన కాళ్లను పరీక్షించి దీని సంగతి వివరంగా రాశాడు. పొగాకు వాడేవాళ్లకి, అందులోనూ వయసులో ఉన్న మగవాళ్లకి ఎక్కువ. కాళ్లూ చేతుల్లోని సన్న రక్తనాళాలు వాచి, గడ్డకట్టి మూసుకుపోతాయి. నాళాలు మరీ సన్నవి కాబట్టి బైపాస్ చేద్దామన్నా చాలామందికి కుదరదు.

ఇక మావయ్య చెప్పింది ఉత్త పుకారేం కాదండీ. బెంగళూరులోని స్టెంప్యూటిక్స్ అనే కంపెనీ తయారుచేసిన స్టెంప్యూసెల్ మందుకి మన దేశపు ఔషధ నియంత్రణాధికారి 2016లో బర్జర్ జబ్బుకి షరతులతో అనుమతిచ్చారు. కొవ్వు పేరుకుని నాళాలు మూసుకుపోయి, కాలు ప్రమాదంలో పడ్డవాళ్లకి కూడా 2020లో ఇచ్చారు. ఆరోగ్యవంతులైన దాతల ఎముక మూలుగలోంచి కణాలు తీసి, పెంచి, గడ్డకట్టించి దాచి, పిక్క కండలో చాలాచోట్ల సూదులతో ఎక్కిస్తారు. ఆ కణాలు మూసుకున్న నాళాన్ని తెరవవు. చుట్టుపక్కల చిన్న చిన్న కొత్త నాళాలు పుట్టేలా పురికొల్పుతాయి. నొప్పి తగ్గొచ్చు, పుండు మానొచ్చు. కాలు కొత్తదేమీ అయిపోదు.

పేరొకటే కదా అని ఎవరు పొడిచినా పొడిపించుకోకూడదు. అనుమతి లేని మూలకణ వైద్యం పరీక్షల్లో భాగంగానే జరగాలి తప్ప అమ్మకానికి పెట్టకూడదని 2017 నాటి వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు. పరీక్షలో చేరిన రోగి దగ్గర డబ్బు పుచ్చుకోకూడదు. మావయ్య చెప్పినచోట ఏ మందని అడిగితే పేరే చెప్పలేదు!

"ఏ మందిచ్చినా చుట్ట మానకపోతే వేలు, తర్వాత పాదం..." అని డాక్టరుగారు ఆగిపోయారు. ఖైనీ, గుట్కా కూడా అంతేట. బాబాయి మొహం చూడాలి! ఇంటికొచ్చాక అటక మీద దాచిన చుట్టలు పిన్ని నీళ్ల పొయ్యిలో పెట్టేసింది. ఆ వాసనకి బాబాయి వీధిలోకెళ్లిపోయారు, పాపం.

మీరూ రాత్రి గిన్నెలు సర్దేశాక ఇంట్లోవాళ్ల పాదాలు ఓసారి చూడండి. బొటనవేలికీ రెండోవేలికీ మధ్య నుంచి కాస్త పైకి, పాదం మీద నాడి కొట్టుకోవాలి. కొందరికి మామూలుగానే అక్కడ అందదు, అప్పుడు లోపలివైపు చీలమండ వెనక చూడండి. రెండుచోట్లా అందకపోయినా, నడిస్తే పిక్క పట్టేసి ఆగితే వదులుతున్నా, రెండు వారాలకి పుండు ఎండకపోయినా డాక్టరుకి చూపించండి. షుగరున్నవాళ్లయితే రెండు వారాలు కూడా ఆగొద్దు. కాపడాలు మాత్రం పెట్టకండి.

నిన్న పిన్ని ఫోన్ చేసింది. చుట్ట మాని నాలుగు నెలలైందిట, నొప్పి సగం తగ్గిందిట. పుండు ఇంకా కందిగింజంత ఉంది. సంక్రాంతి వెళ్లాక డాక్టరుగారు మళ్లీ పట్టీ కట్టి చూసి, కణాల మందు అవసరమో కాదో చెప్తారుట. అరెకరంలో ఊడ్పులు అయిపోయాయి.