ఆరు బైట్ల గెలాక్సీ

పాత గేమ్స్ టాపిక్ వచ్చిందంటే మనందరి నోటా ఒకటే మాట: "అంత తక్కువ మెమరీలో ఎలా చేశార్రా బాబూ!" ఆ ఆశ్చర్యం నాకూ ఉంది. కానీ అక్కడే ఆగిపోతే అసలు విషయం మిస్ అవుతామని నా అభిప్రాయం.

1984లో బీబీసీ మైక్రో అనే హోమ్ కంప్యూటర్ మీద 'ఎలీట్' అనే స్పేస్ గేమ్ వచ్చింది. రాసింది కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు, డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్. ర్యామ్ మొత్తం 32 కిలోబైట్లు. మన ఫోన్‌కి వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అందులో పట్టడం కష్టం. అలాంటి మెషీన్‌లో 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 నక్షత్రాలు!

వాళ్లు వాటిని మెమరీలో దాచలేదు, లెక్కగట్టారు. మూడు 16-బిట్ సంఖ్యలు, అంటే 6 బైట్లు. వాటిని కూడుతూ పోతే తర్వాతి సంఖ్యలు వస్తాయి. ఆ బిట్స్ నుంచే గ్రహం పేరు, ప్రభుత్వం, టెక్నాలజీ స్థాయి అన్నీ పుడతాయి. సీడ్ మారనంత కాలం విశ్వమూ మారదు.

ఇంతవరకూ మనం కూడా ఒక ల్యాబ్ సెషన్‌లో కోడ్ చేసేయగలం. మనకి రానిది ఇంకొకటి ఉంది.

అప్పటి షూటింగ్ గేమ్స్ అంటే మూడు లైఫ్‌లు, ఒక స్కోరు, ఎదురొచ్చినవాణ్ని కాల్చడం. ఎలీట్ మాత్రం ఒక ఓడ, 100 క్రెడిట్లు చేతిలో పెట్టి "ఇక నీ ఇష్టం" అంది. సరుకులు అమ్ముకో, దొంగల్ని వేటాడు, లేదా నువ్వే దొంగవైపో. మొదట చూసిన ఒక పబ్లిషర్ వద్దన్నా వాళ్లు ఆ పద్ధతి మార్చలేదు. చివరికి అకార్న్‌సాఫ్ట్ దాన్ని విడుదల చేసింది. ఆడేవాడికి తిరగడానికి పెద్ద లోకం కావాలి అనుకున్నారు కాబట్టే ఆ 6 బైట్ల లెక్క అవసరమైంది.

మనం దీన్ని తలకిందులుగా చేస్తున్నాం. ముందు టెక్ స్టాక్ ఫిక్స్ చేసుకుంటాం, తర్వాత రివ్యూకి చూపించడానికి ఒక ప్రాబ్లమ్ వెతుక్కుంటాం. అందుకే ఏటా అదే ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్. "ప్లేస్‌మెంట్‌కి అదే చాలు కదా" అంటారు. చాలేమో. కానీ నాలుగేళ్లు నేర్చుకున్న కోడింగ్‌తో మనకంటూ కావాలనిపించింది ఒక్కటైనా చేయకపోతే, ఆ నేర్చుకోవడం ఎవరి కోసం?

ఈసారి మినీ ప్రాజెక్ట్ అబ్‌స్ట్రాక్ట్‌లో పైథాన్ అనే మాట కంటే ముందు ఒక వాక్యం రాద్దాం: ఇది వాడేవాళ్లు ఇవాళ చేయలేని ఏ పని రేపు చేయగలుగుతారు? ఆ వాక్యం రాకపోతే టాపిక్ మార్చేద్దాం.