పిచ్చుకపై బ్రహ్మాస్త్రమా?

కుందలహళ్ళిలో వారాంతాలలో మేము నడిపే తెలుగు తరగతికి వచ్చే పిల్లల తల్లిదండ్రులలో అధికులు సాఫ్టువేరు ఉద్యోగులు. పదాన్ని అక్షరాలుగా విడదీసే ఒక చిన్న ఆటను పిల్లల కోసం వారే పైథాన్‌లో వ్రాసి ఇచ్చారు.

చూపునకు సులువైన పనే. కాని యూనికోడులో "స్త్రీ" అనే ఒక్క అక్షరం ఆరు సంకేతాల కూర్పు: మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలోనైతే కంటికి కనబడని సంకేతం ఒకటి దాగి ఉండవచ్చు. ఒకదాని కోసం నియమాన్ని సవరిస్తే మరొకటి చెడుతుంది. కనుక మార్పు జరిగిన ప్రతిసారీ ఆటను పరీక్షించక తప్పదు. ఆ పనిని యంత్రానికే అప్పగించడం వివేకం. దానికి ఎంత సరంజామా కావాలన్నదే వివాదం.

ఉత్సాహవంతుడైన మిత్రుడొకడు భారీ ఏర్పాటే చేశాడు: ప్రత్యేక సర్వరు, నివేదికలు, రంగురంగుల పటాలు. అతడు బదిలీపై వెళ్ళిన తరువాత అది మొరాయించింది. ఎర్ర గుర్తు వెలిగితే దోషం ఆటలో ఉన్నదో, ఏర్పాటులోనే ఉన్నదో తెలియక అందరం చూడటమే మానివేశాము. ఆ అలసత్వంలో తప్పొకటి జొరబడింది. "స్త్రీ"ని ఒకే అక్షరంగా లెక్కించిన పాపకు యంత్రం "తప్పు" అని చెప్పింది. ఆమె తన సరైన జవాబును తుడిచివేసుకొన్నది. బడిలో తెలుగు లేని ఆ బిడ్డకు మా తరగతి తప్ప వేరే ఆధారం లేదు.

ఇప్పుడు మా పరీక్ష ఒక పట్టిక: వరుసకొక పదం, ప్రక్కన దాని అక్షరాలు. మొదటి పదం "స్త్రీ". దానిని చదివి సరిచూసే ప్రోగ్రాము ఇరవై పంక్తులకు మించదు. ప్రోగ్రాములు వ్రాయడం రాని నేను సైతం పదాలు చేర్చగలను. నా దృష్టిలో అసలు లాభం ఇదే: భాష తెలిసినవారికి పరీక్ష అర్థం కావాలి.

అట్లని ఉపకరణాలన్నీ వ్యర్థమని నేననను. మా తొలి ప్రోగ్రాము మొదటి తప్పు దగ్గరే ఆగిపోయేది. తరువాతి తప్పులు బయటపడేవి కావు. 2001 నుండి పైథాన్‌తో పాటే వచ్చే యూనిట్‌టెస్ట్‌లో ఈ కొరతను తీర్చే సబ్‌టెస్ట్ సౌకర్యం 2014లో చేరిందని మిత్రులు చెప్పగా దానిని స్వీకరించాము. మార్పు చేర్చినప్పుడల్లా పరీక్ష తనంతట తాను నడిచే ఏర్పాటునూ ఉంచుకొన్నాము. మనుషులకు మరపు సహజం కదా!

"రేపు ఆట పెరిగితే?" అని కొందరు ఆక్షేపిస్తారు. జావా లోకంలో ప్రసిద్ధమైన జేయూనిట్‌ను కెంట్ బెక్, ఎరిక్ గామాలు 1997లో ఒక విమాన ప్రయాణంలో వ్రాయనారంభించారు. అది చిన్నదిగా మొదలై అవసరాన్నిబట్టి పెరిగింది. మనమూ పెరిగిననాడే చేర్చుకొందాము.

ఏ ఉపకరణాన్ని తెచ్చే ముందైనా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది లేకుంటే ఏ తప్పు మన కన్నుగప్పుతుంది? తెచ్చినవారు వెళ్ళిపోతే దీనిని ఎవరు బాగుచేస్తారు? రెండింటికీ జవాబు దొరికితే తెచ్చుకొందాము. దొరకకుంటే పట్టికే చాలు.